నాంచారయ్య మేకప్ డబ్బా

విజయవాడ శివార్లలోని కంకిపాడులో ఇళ్ళూ ఆఫీసులూ శుభ్రం చేసే సర్వీసు నడిపే నాంచారయ్య మంచి పనిమంతుడే కానీ, చేసిన పనిని పదింతలు చేసి చూపించుకోనిదే అతనికి నిద్ర పట్టేది కాదు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఫ్యాను రెక్కల మీది జిడ్డు, బాత్రూము టైల్సుకు పట్టిన గార, కిటికీ చువ్వల మధ్య దుమ్ము, ఏదైనా సరే, అతను చెయ్యి పెడితే వదలాల్సిందే. ఒక వ్యాను, రెండు మిషన్లు, ముగ్గురు పనివాళ్ళు ఉండేవారు. బ్యాంకులవాళ్ళు పిలిచేవారు, గృహప్రవేశాలవాళ్ళు పిలిచేవారు, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన ఇళ్ళవాళ్ళయితే సరేసరి. అంత బాగా చేసేవాడికి మళ్ళీ గొప్పలు ఎందుకంటారా? అదే కదా రోగం!

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. మొదలుపెట్టే ముందు ఒక ఫోటో తీస్తారు, ముగించాక ఇంకో ఫోటో తీస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి ఫోన్లో స్టేటస్ పెట్టుకుంటారు. ఎంత మురికి పోయిందో చూసినవాళ్ళకు తెలియాలి కదా. న్యాయమైన పద్ధతే. నాంచారయ్య చేతిలో పడ్డాకే అది దారి తప్పింది.

కొన్ని ఇళ్ళు మరీ అంత మురికిగా ఉండేవి కావు. అలాంటిచోట మొదటి ఫోటోకూ రెండో ఫోటోకూ పెద్ద తేడా కనపడేది కాదు. నాంచారయ్యకు ప్రాణం ఉసూరుమనేది. అందుకని ఒక పాత బిస్కెట్ల రేకుడబ్బా సంపాదించాడు. అందులో ఏముండేవనుకున్నారు? ఒక సీసాలో మాడిన నూనె, ఒక పొట్లంలో బూడిద, ఇంకో పొట్లంలో ఎవరింట్లోనో దులిపిన బూజు, ఒక అగ్గిపెట్టెలో నాలుగు చచ్చిన బొద్దింకలు. మొదటి ఫోటో తీసేముందు, ఇంటివాళ్ళు చూడకుండా ఇక్కడింత పూసేవాడు, అక్కడింత చల్లేవాడు. ఆ డబ్బాకు 'మేకప్ డబ్బా' అని ముద్దుపేరు కూడా పెట్టాడు. సిగ్గు లేకపోతే సరి!

అతని దగ్గర పనిచేసేవాళ్ళలో సంపూర్ణ పెద్దది. యాభై దాటిన మనిషి. ఆ డబ్బా చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండేది.

"ఎందుకు నాంచారయ్యా ఈ వేషాలు? తుడవడానికి వచ్చి పూయడమేంటి?" అనేది.

"నీకు తెలీదులే అక్కా. దీన్ని పబ్లిసిటీ అంటారు. అయినా ఎవరికి నష్టం చెప్పు? పూసేదీ నేనే, తుడిచేదీ నేనే" అనేవాడు నాంచారయ్య.

వినడానికి బాగానే ఉంది కదూ? అతనికీ అలాగే ఉండేది, హైమావతి ఇంటికి వెళ్ళేదాకా.

హైమావతి క్యారేజీ భోజనాలు వండేది. బ్యాంకు ఉద్యోగులకూ, స్కూలు టీచర్లకూ, వండుకోలేని ముసలివాళ్ళకూ రోజూ మధ్యాహ్నానికి నలభై క్యారేజీలు ఆమె ఇంట్లోంచి వెళ్ళేవి. లారీ నడిపే భర్తకు చూపు మందగించి పని మానేశాక, ఆ ఇల్లు గడిచేది ఆమె గరిటె మీదే. పన్నెండేళ్ళుగా ఒక్కరు కూడా ఆమె వంటను వేలెత్తి చూపలేదు.

ఆ పేరు విని, ఊరి చివర లేడీస్ హాస్టల్ వాళ్ళు తమ అమ్మాయిలందరికీ మధ్యాహ్న భోజనం ఆమెతోనే వండించాలనుకున్నారు. వార్డెన్ కరుణకుమారి సోమవారం వచ్చి వంటిల్లు చూసి ఖాయం చేస్తానంది. హైమావతికి సంతోషంతో కాలు ఒకచోట నిలవలేదు. వంటిల్లు శుభ్రంగానే ఉంది. అయినా పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారంటే మన ఇల్లు మన కంటికే ఆనదు కదా! శనివారం క్యారేజీలన్నీ తిరిగొచ్చాక నాంచారయ్యను పిలిచింది.

నాంచారయ్య వంటింట్లో అడుగుపెట్టి నీరుగారిపోయాడు. పొయ్యి తళతళలాడుతోంది. గట్టు తళతళలాడుతోంది. గోడకు చిలకపచ్చ టైల్సు, వాటి మీద వెతికినా నూనె చుక్క లేదు. గోడవారన నలభై స్టీలు క్యారేజీలు వరసగా బోర్లించి ఉన్నాయి. ప్రతిదాని మీదా ఎర్రరంగుతో నంబరు వేసి ఉంది.

'ఏముందమ్మా ఇక్కడ తుడవడానికి?' అని అడగాల్సింది. అడగలేదు.

"నేను బజారుకెళ్ళి కూరలు తెచ్చుకుంటాను బాబూ. మీరు కానివ్వండి" అని హైమావతి సంచీ తీసుకుని బయల్దేరింది. ఆమె గేటు దాటిందో లేదో, నాంచారయ్య మేకప్ డబ్బా తెరిచాడు.

సంపూర్ణ అడ్డం వచ్చింది. "ఇది వంటిల్లు నాంచారయ్యా! జనానికి అన్నం వండే చోటు. ఇక్కడ మాత్రం వద్దు."

"గంటలో కడిగేస్తాంగా! ఇంత శుభ్రంగా ఉంటే జనానికి ఏం చూపించను, నా మొహమా?"

పొయ్యి వెనకాల టైల్సుకు మాడిన నూనె పూశాడు. గట్టు అంచుకు బూడిద రుద్దాడు. క్యారేజీల పక్కన బూజు పరిచాడు. చివరగా అగ్గిపెట్టె తెరిచి, పొయ్యి పక్కనే నాలుగు బొద్దింకల్నీ వెల్లకిలా పడుకోబెట్టాడు. ఒకటి పక్కకి తిరిగిపోతే దాన్ని మళ్ళీ సర్దాడు. అంత శ్రద్ధ! ఫోటో తీసి చూసుకుని మురిసిపోయాడు. ఇన్నేళ్ళలో అంత అసహ్యమైన ఫోటో అతనికి ఎప్పుడూ కుదరలేదు.

బొద్దింకల్ని మళ్ళీ అగ్గిపెట్టెలో పెట్టేశాక, అందరూ కలిసి రెండు గంటలు కడిగారు. హైమావతి తిరిగొచ్చి చూసి పొంగిపోయింది. "చల్లగా ఉండండి నాయనా" అంది. ఒక్కరినీ ఊరికే పంపలేదు. ఆ గట్టు మీదే గబగబా వండి, పీటలు వేసి, గోంగూర పప్పూ మజ్జిగపులుసూ పెట్టింది. నాంచారయ్య మొహమాటం లేకుండా మూడుసార్లు పెట్టించుకున్నాడు. సంపూర్ణ మాత్రం తలెత్తలేదు.

ఆ సాయంత్రం నాంచారయ్య రెండు ఫోటోలూ స్టేటస్‌లో పెట్టాడు. అక్కడితో ఆగాడా? ఊళ్ళోవాళ్ళు వందలమంది ఉన్న గ్రూపులో కూడా పెట్టాడు. కింద 'ఇలాంటి వంటింటినైనా ఇలా మార్చేస్తాం!' అని రాశాడు. ఎవరిదో పేరు రాయలేదు. ఆ మాత్రం మర్యాద పాటించానని తనను తానే మెచ్చుకున్నాడు కూడా.

పేరెందుకండీ? రోజూ ఆ క్యారేజీలో తినేవాళ్ళకు ఆ క్యారేజీ తెలియదా? "ఒసేయ్, ఆ పదిహేడో నంబరు మనదే!" అని ఒక బ్యాంకు క్యాషియర్ ఫోన్ పట్టుకుని భార్య దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ చూసి వాంతి చేసుకున్నంత పని చేసింది. ఆ రాత్రికే ఆ వంటిల్లు ఎవరిదో ఊరంతా తెలిసిపోయింది.

ఆదివారం పొద్దున్నే హైమావతికి ఫోన్లు మొదలయ్యాయి. ఇక క్యారేజీ వద్దన్నారు. ఒకరు ఊరెళ్తున్నామన్నారు, ఒకరు ఇంట్లోనే వండుకుంటామన్నారు. ఒకరు మాత్రం అసలు సంగతి చెప్పి ఫోటో పంపించారు. మధ్యాహ్నానికి నలభై క్యారేజీల్లో ఆరు మిగిలాయి. హాస్టల్ నుంచి కరుణకుమారి "మేం రావడం లేదు" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేసింది.

అదే ఆదివారం నాంచారయ్యకూ ఫోన్లు వచ్చాయి. అవి వేరే రకం. "అబ్బ, ఏం పని చేశారండీ! ఆ వంటింటిని అలా ఎలా మార్చారండీ!" అని ఒకటే పొగడ్తలు. కరుణకుమారి కూడా చేసింది. హాస్టల్ మొత్తాన్ని ఏడాది పొడుగునా శుభ్రం చేసే కాంట్రాక్టు అతనికే ఇస్తానంది, సోమవారం వచ్చి సంతకం పెట్టమంది. నాంచారయ్య ఎగిరి గంతేశాడు. ఇంకో వ్యాను కొన్నట్టు, దాని మీద తన పేరు పెద్ద అక్షరాలతో రాయించినట్టు అప్పుడే కలలు మొదలుపెట్టాడు.

ఆ కలల్లో ఉండగా, సాయంత్రం నాలుగింటికి, అతని షెడ్డు గుమ్మంలోకి హైమావతి వచ్చింది.

నాంచారయ్య గుండె గుభేలుమంది. తెలిసిపోయిందనుకున్నాడు. తిడుతుంది, నలుగుర్నీ పోగుచేస్తుంది అనుకుని, తప్పించుకునే మాటల కోసం వెతుక్కున్నాడు. హైమావతి తిట్టలేదు. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి. చేతిలో ఫోను, ఫోన్లో ఆ ఫోటో.

"బాబూ, ఈ బొద్దింకలు సరిగ్గా ఎక్కడున్నాయి? పొయ్యి కిందా, వెనకాలా?" అని అడిగింది.

నాంచారయ్య ఫోటో మీంచి చూపు తిప్పుకున్నాడు.

"రోజూ రెండు పూటలా కడుగుతాను. అయినా నాకు కనపడలేదంటే, మా ఆయనకు లాగే నాకూ చూపు పోతున్నట్టే కదా. పన్నెండేళ్ళుగా నన్ను నమ్మి తిన్నారు బాబూ. ఎంతమంది పిల్లలు తిన్నారో, ఎంతమంది పెద్దవాళ్ళు తిన్నారో. వాళ్ళకు నేను పెట్టింది ఇదా?" ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు చూపించావు కాబట్టి తెలిసింది, లేకపోతే ఇంకెంతమందికి పెట్టేదాన్నో. ఇంక వండను. మిగిలిన ఆరిళ్ళకూ చెప్పేశాను. ఆ క్యారేజీలు ఎవరికైనా పనికొస్తాయంటే చెప్పు, ఇచ్చేస్తాను."

అతనికి దండం పెట్టి మరీ వెళ్ళింది!

తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. నాంచారయ్య నిలుచున్నచోటే నిలుచుండిపోయాడు. 'ఆగండమ్మా' అనబోయి నోరు తెరిచాడు. హాస్టల్ కాంట్రాక్టు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు. చూశారా, నిజం పెదాల దాకా వచ్చి ఎలా వెనక్కి పోతుందో!

పక్కనే తడిగుడ్డలు ఆరేస్తున్న సంపూర్ణ అంతా విన్నది. "ఇన్నాళ్ళూ గోడలకి పూశావు నాంచారయ్యా. ఇప్పుడు మనిషికి పూశావు. దీన్ని ఏ మిషన్ పెట్టి కడుగుతావో నువ్వే కడుక్కో. రేపు హాస్టల్‌కి నేను రాను" అంది. చేతిలో గుడ్డ తీగె మీద పడేసి ఇంటికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున నాంచారయ్య ఒక్కడే హాస్టల్‌కి వెళ్ళాడు. కరుణకుమారి మర్యాదగా కుర్చీ చూపించింది, కాఫీ తెప్పించింది. కాంట్రాక్టు కాగితాలు ముందుపెట్టి పెన్ను చేతికిచ్చింది.

"మీ పుణ్యమా అని బయటపడ్డామండీ. ఆ హైమావతి మాట ఎంత మెత్తగా ఉంటుందో! పైకి అంత నీటుగా కనిపిస్తూ లోపల ఆ బొద్దింకలు! తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోంది. అలాంటి మనిషిని ఊళ్ళో ఎవరూ గడప తొక్కనివ్వకూడదు" అంది.

నాంచారయ్య చేతిలో పెన్ను కదల్లేదు. కాగితం మీద అక్షరాలు కనపడటం మానేశాయి. ఉబ్బిన ఆ కళ్ళే కనపడుతున్నాయి.

"ఆ బొద్దింకలు నావండీ" అన్నాడు.

"ఏంటీ?"

"బొద్దింకలు నావి మేడమ్. నేనే తీసుకెళ్ళి అక్కడ పెట్టాను. ఆ నూనె నాది, ఆ బూడిద నాది. ఆవిడ వంటింట్లో ఒక్క మరక కూడా లేదు. అంత శుభ్రమైన వంటిల్లు నేను ఈ ఊళ్ళో చూడలేదు."

కరుణకుమారి ముందు నవ్వింది. వేళాకోళం అనుకుంది పాపం. నాంచారయ్య లేచి వ్యాను దగ్గరికి వెళ్ళి, డబ్బా తెచ్చి, కాగితాల మీద పెట్టి మూత తీశాడు. అగ్గిపెట్టె కూడా తెరిచాడు. ఆవిడ కెవ్వున అరిచి కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"తియ్యండి! ముందు అవతలకి తియ్యండి దాన్ని! ఛీ, ఇంతకు తెగిస్తారా? మీలాంటివాణ్ణి మా గేటు లోపలికి రానివ్వను. నడవండి!"

నాంచారయ్య డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. ఏడాది కాంట్రాక్టు పోయింది. కొనని వ్యానూ పోయింది. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుంది. అయినా నిన్నటి నుంచి మొదటిసారి అతనికి ఊపిరి ఆడింది.

అక్కణ్ణుంచి నేరుగా హైమావతి ఇంటికి వెళ్ళాడు. ఆమె క్యారేజీలను గోనెసంచుల్లో కడుతోంది. భర్త మంచం మీద కూర్చుని సంచి మూతి పట్టుకున్నాడు. నాంచారయ్య గుమ్మం బయటే నిలబడి, ఒక్క మాట దాచకుండా అంతా చెప్పేశాడు.

హైమావతికి ముందు అర్థం కాలేదు. "అంటే... నా కళ్ళు బాగానే ఉన్నాయా?" అని అడిగింది.

"బాగున్నాయమ్మా. మీలో ఏ తప్పూ లేదు. తప్పంతా నాది."

"నేను ఎవరికీ అలాంటిది పెట్టలేదా?"

"లేదమ్మా."

ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుంది. తర్వాత ఆమె ముఖం ఎర్రబడింది.

"నీకు అన్నం పెట్టాను కదరా!" అని అరిచింది. "అదే వంటింట్లో పీట వేసి పెట్టాను కదరా! రెండు రోజులు నా చేతులు చూసుకుని నాకే అసహ్యం వేసింది. నీకు నోరెలా మూతపడింది? పో ఇక్కణ్ణుంచి!"

నాంచారయ్య తల దించుకుని విన్నాడు. వీధిలోకి వచ్చి, ఫోను ఎదురుగా పెట్టుకుని, డబ్బా తెరిచి చూపిస్తూ మాట్లాడాడు. "నా పేరు నాంచారయ్య. శనివారం నేను పెట్టిన ఫోటో పచ్చి అబద్ధం. ఆ మురికి నేను తీసుకెళ్ళి పూసింది. ఆవిడ వంటిల్లు అద్దంలా ఉంది. నన్ను తిట్టండి, ఆవిణ్ణి కాదు." ఆ వీడియోను అదే గ్రూపులో పెట్టాడు.

వందలమంది తిట్టారు. తిట్టరా మరి?

గ్రూపు చూడనివాళ్ళూ ఉంటారు కాబట్టి, క్యారేజీ మానేసిన ఇళ్ళకు ఒక్కొక్కదానికీ నడుచుకుంటూ వెళ్ళాడు. మూడో ఇంటి దగ్గర వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాడు. సంపూర్ణ. వీడియో చూసి వచ్చింది.

"పద, నేనూ వస్తాను. నీ ఒక్కడి మాట ఇప్పుడు ఎవడు నమ్ముతాడు?" అంది.

నమ్మినవాళ్ళు నమ్మారు, మొహం మీద తలుపు వేసినవాళ్ళు వేశారు. బ్యాంకు క్యాషియర్ మాత్రం తల గోక్కుని, "రెండు రోజులుగా మా ఆవిడ చారే తింటున్నానండీ. పదిహేడో నంబరు రేపే పంపమనండి" అన్నాడు. పది రోజుల్లో క్యారేజీలు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. మూడిళ్ళవాళ్ళు మాత్రం ఇక రాలేదు. ఒకసారి అసహ్యం పుట్టాక కొందరికి మళ్ళీ ముద్ద దిగదు, వాళ్ళనేం అనగలం?

కరుణకుమారి చెప్పాపెట్టకుండా ఒకరోజు పదకొండింటికి హైమావతి వంటింట్లోకి వచ్చింది. సరిగ్గా వంట ముమ్మరంగా సాగే సమయం. పొయ్యి కింద చూసింది, సిలిండర్ జరిపి చూసింది, గోడ మీద వేలు రాసి చూసుకుంది. చూడాల్సినవన్నీ చూశాక పీట లాక్కుని కూర్చుంది. "నాక్కూడా పెట్టమ్మా" అంది. హాస్టల్ భోజనం అప్పుడే ఖాయమైంది.

నాంచారయ్య సంగతి అంత తేలిగ్గా తేలలేదు. ఊళ్ళో అతనికి 'బొద్దింకల నాంచారయ్య' అని పేరు పడింది. ఫోను మోగడం మానేసింది. ఒక మిషన్ మూలన పడింది, పనివాళ్ళలో ఒకామె వేరేచోట చేరిపోయింది. రైసుమిల్లు గోడౌన్లూ, స్కూలు మరుగుదొడ్లూ, ఇంకెవరూ ఒప్పుకోని పనులే అతనికి దొరికాయి. వచ్చిన పని కిక్కురుమనకుండా చేశాడు. కానీ ఒక కొత్త అలవాటు నేర్చుకున్నాడు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఇంటివాళ్ళతో కలిసి ఇల్లంతా తిరిగేవాడు. "ఈ గది మీరే చక్కగా ఉంచుకున్నారమ్మా, ఇక్కడ మాకు పని లేదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. వినేవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు. పని లేదని చెప్పే పనివాణ్ణి వాళ్ళు ఎప్పుడు చూశారు గనుక! అలా ఒకరు ఇంకొకరికి చెప్పి, మెల్లమెల్లగా పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి.

ఆరు నెలలు గడిచాయి. హైమావతి వంట పెరిగింది. ఇల్లు చాలక, హాస్టల్ వెనక పాడుబడ్డ ఎరువుల గోడౌను ఒకటి అద్దెకు తీసుకుంది. దాన్ని కడిగించాలి. ఆమె నాంచారయ్యకు కబురు చేసింది.

నాంచారయ్య నమ్మలేదు. సంపూర్ణను వెంటబెట్టుకుని, భయంభయంగా వెళ్ళాడు. అక్కడ కరుణకుమారి కూడా ఉంది. అతన్ని చూడగానే ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇతన్నా పిలిచావు? నీకు అంత చేసినవాణ్ణి?"

"నాకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు మేడమ్" అంది హైమావతి. "కానీ మీరు ఇచ్చిన పెన్ను చేతిలో ఉండగా, తన నోటితో తనే చెప్పి కాంట్రాక్టు పోగొట్టుకున్నాడు కదా. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నేను ఈపాటికి గరిటె వదిలేసి, నా చేతుల్నే తిట్టుకుంటూ కూర్చుని ఉండేదాన్ని. పిల్లలు తినే చోటు ఇది. ఏ మూల మురికి మిగిలినా మిగిలిందని చెప్పేవాడు నాకు కావాలి."

కరుణకుమారి గుమ్మానికి అడ్డం తప్పుకుంది.

నాంచారయ్య లోపలికి వెళ్ళి చూశాడు. నేలంతా జానెడు మట్టి, గోడల నిండా బూజు, మూలమూలనా ఎలుకల కన్నాలు. అతను నోరు తెరిచేలోగా హైమావతే అంది:

"ఇది నిజంగానే మురికి బాబూ. నువ్వేం శ్రమపడి పూయక్కర్లేదు."

ముందు సంపూర్ణ ఫక్కుమంది. తర్వాత కరుణకుమారి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నాంచారయ్యకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చొక్కా చేతులు పైకి మడిచి, చీపురు అందుకున్నాడు.

పక్కవాళ్ళకు మురికి పూసి మన పనికి మెరుపు తెచ్చుకోకూడదు. ఒకవేళ పూస్తే, ఎంత నష్టమైనా సరే, మన నోటితో మనమే నిజం చెప్పి దాన్ని కడగాలి.